కోర్టు వెనక కుర్చీ

రేపల్లె, 2014 నవంబరు 16, ఆదివారం.

మాష్టారి అరుగు మీద ముగ్గురం ఉన్నాం. ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి, ఒళ్లో పాత రాకెట్టు పెట్టుకుని, తెగిన గట్టు తీగ ముక్కల్ని పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతున్నారు. చిల్లులోకి పట్టకారు మొన దూర్చడం, మెలిపెట్టి లాగడం, ఊడివచ్చిన ముక్కని అరుగు కిందికి విసరడం. చాలాకాలం హైస్కూల్లో డ్రిల్లు మాష్టారుగా చేసి రిటైరైన మనిషి. సాయంత్రాలు ఊరి పిల్లలకి షటిల్ నేర్పుతారు. డబ్బులు తీసుకోరు గానీ ఆలస్యంగా వస్తే గేటు తియ్యరు. బాపట్ల నుంచి వచ్చిన మేనల్లుడు గుమ్మానికి ఆనుకుని, లోపల టీవీలో అడుగున పరిగెత్తే అక్షరాలు చదువుతున్నాడు. నేను తెనాలిలో పొద్దుటి బండెక్కి వచ్చాను. భట్టిప్రోలు దాటేసరికే తెనాలిలో తిన్న పెసరట్టు అరిగిపోయింది. మాష్టారింట్లో మళ్లీ పెట్టారు, వద్దనలేదు.

"మావయ్యా, సైనా కొట్టింది! చైనా ఓపెన్."

మాష్టారు తలెత్తలేదు. "కొట్టుద్దిలే. మన గుంటూరు కుర్రాడు శ్రీకాంత్ సంగతేంది?"

"ఉండు... వాడూ కొట్టాడు మావయ్యా! లిన్ డాన్‌ని! వాళ్ల దేశంలోనే, రెండే గేముల్లో!"

పట్టకారు ఆగింది.

"ఎంతెంత?"

"ఇరవయ్యొకటి పంతొమ్మిది. ఇరవయ్యొకటి పదిహేడు."

మాష్టారు లేచి లోపలికెళ్లారు. ఆ అక్షరాలు ఓ చుట్టు తిరిగి మళ్లీ వచ్చేదాకా టీవీ ముందు నిలబడి, తన కళ్లతో చదువుకుని, అప్పుడొచ్చి కూర్చున్నారు.

"ఇయ్యాళ పుట్టినరోజు, తెలుసా?"

"ఎవరిది, శ్రీకాంత్‌దా?"

"గోపీచంద్‌దిరా."

మేనల్లుడు నవ్వాడు. "అయితే చిక్కే మావయ్యా. వదిలేసి పోయిన పిల్లా గెలిచింది, అంటిపెట్టుకున్న పిల్లాడూ గెలిచాడు. ఇంక ఆ గురువుని ఉంచాల్నా తీసెయ్యాల్నా, ఎట్టా తేల్చేది?"

ఆ పూట తేలలేదు. తర్వాత ఏడేళ్లపాటు నేనెప్పుడు రేపల్లె వెళ్లినా అదే పేచీ. అరుగు మీది మాటలు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. ఆ ఇద్దరి పేర్లూ చెప్పను, మాష్టారికి పేపర్లో పేరంటే గిట్టదు. కోర్టుల్లో జరిగినవి మాత్రం లోకమంతా చూసినవే.

పుల్లెల గోపీచంద్ 1973లో ఇదే తారీఖున నాగండ్లలో పుట్టాడు. ఇంకొల్లు పక్క పల్లె. ఒంగోలు జిల్లా పుట్టకముందు అటువైపంతా గుంటూరు జిల్లా. ఈయన పుట్టేనాటికి ప్రకాశం. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. "మాకు కలెక్టరాఫీసు వచ్చిందానికంటే గోపీచంద్ వచ్చిందే గొప్ప" అంటాడు మేనల్లుడు, ఆయన్ని పీకెయ్యాలని అరుగెక్కి అరిచిన మనిషే.

ఆట నేర్చుకున్నది హైదరాబాదులో, ఎస్.ఎం.ఆరిఫ్ దగ్గర. తర్వాత బెంగళూరు వెళ్లి ప్రకాశ్ పదుకొణె అకాడమీలో చేరాడు. ఆ ఊళ్లోనే స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) కేంద్రంలో గంగూలీ ప్రసాద్ దగ్గరా శిక్షణ తీసుకున్నాడు. అంటే ముగ్గురు గురువులు, రెండు ఊళ్లు. ఈ లెక్క కొంచెం గుర్తుపెట్టుకోండి, ముందు దీంతో పనుంది. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలు పోయింది. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. అదే కాలితో 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ గెలిచాక మళ్లీ ఒక భారతీయుడు గెలవడానికి 21 ఏళ్లు పట్టింది. ఆ తర్వాత శీతల పానీయం కంపెనీ ప్రకటనకి పిలిస్తే, నేను తాగనిది పిల్లల్ని తాగమనలేనని మానుకున్నాడు. ఆ కథ మన జిల్లాల్లో షటిల్ ఆడే ప్రతి పిల్లాడికీ వాళ్ల నాన్న కనీసం ఒకసారైనా చెప్పే ఉంటాడు.

2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాలు లీజుకిచ్చింది. నేల దొరికింది గానీ కట్టడానికి డబ్బు చాల్లేదు. ఇల్లు తాకట్టు పెట్టాల్సొచ్చింది. 2008లో అకాడమీ తలుపులు తెరిచారు. ఈలోపే, 2006లో, జాతీయ జట్టు చీఫ్ కోచ్ కుర్చీ ఆయనకొచ్చింది. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నది విమల్ కుమార్.

గొడవకి విత్తనం అక్కడ పడింది. చీఫ్ కోచ్ ఆయనే, అకాడమీ ఆయనదే, జాతీయ శిబిరం జరిగేదీ ఆ అకాడమీలోనే, జట్టు ఎంపికలో చెల్లుబాటయ్యే మాటల్లో ఆయనదీ ఒకటి. దేశం కుర్చీ ఎక్కడ అయిపోతుందో, సొంత గుమ్మం ఎక్కడ మొదలవుతుందో బయటివాళ్లకి కనపడని పరిస్థితి. ఈ మాట అందరికంటే గట్టిగా, అందరికంటే ఎక్కువ కాలం అన్నది గుత్తా జ్వాల. ఆమె కూడా ఆరిఫ్ శిష్యురాలే. 2011లో లండన్‌లో అశ్విని పొన్నప్పతో కలిసి ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చిన మనిషి. సింగిల్స్‌కి దొరికే చూపు డబుల్స్‌కి దొరకదని, ఒకే మనిషి చేతిలో అన్ని తాళాలూ ఉండకూడదని ఆమె ఏళ్ల తరబడి అంటూనే ఉంది. మనవాళ్లలో చాలామందికి ఆమె నోరు మాత్రమే వినిపించింది, మాట వినిపించలేదు. అందులో నేనూ ఉన్నాను.

ఇక 2014 సంగతి.

గచ్చిబౌలిలో పొద్దున నాలుగున్నరకే లైట్లు వెలుగుతాయి. బయట కుక్కలు కూడా లేవని వేళ. సైనాకి 24 ఏళ్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చి రెండేళ్లయింది. పక్క కోర్టులో సింధు, 19 ఏళ్ల పిల్ల, 2013 గ్వాంగ్‌జౌలోనే ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం పట్టుకొచ్చింది. ఇంకో పక్క శ్రీకాంత్, 21. డబుల్స్ ఆడుకుంటున్న కుర్రాణ్ణి సింగిల్స్‌కి మళ్లించింది గోపీచందే. ఆ జులైలో శ్రీకాంత్ అకాడమీ బాత్రూంలో స్పృహ తప్పి పడిపోయి కనిపించాడు. మెదడువాపు. ఐసీయూకి తీసుకెళ్లారు. ఇంకో శిష్యుడు కశ్యప్ అదే ఏడాది గ్లాస్గోలో కామన్వెల్త్ బంగారం గెలిచాడు. అందరినీ చూడాల్సింది ఒక్క మనిషి.

ఆగస్టులో కోపెన్‌హాగెన్. ప్రపంచ చాంపియన్‌షిప్. సైనా క్వార్టర్స్‌లో లీ షురుయ్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. సింధు వరసగా రెండో ఏడూ కాంస్యం గెలిచింది. ఇద్దరూ ఒకే ఊరు, ఒకే అకాడమీ, ఒకే గురువు. సైనా మనసులో అప్పుడేం నడిచిందో మనం కల్పించి రాయనక్కర్లేదు. చేసిందేమిటో అందరికీ తెలుసు. సెప్టెంబరు మొదట్లో, ఆసియా క్రీడలు ముంగిట్లో ఉండగా, పెట్టె సర్దుకుని బెంగళూరు వెళ్లిపోయింది. చేరింది విమల్ కుమార్ దగ్గర, ప్రకాశ్ పదుకొణె అకాడమీలో. ఒకరు గోపీచంద్ కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. రెండోది ఒకప్పుడు గోపీచంద్ ఆట దిద్దుకున్న చోటు.

గోపీచంద్ అప్పుడు నోరు విప్పలేదు. అయిదేళ్లు దాటాక, 2020 జనవరిలో వచ్చిన బోరియా మజుందార్, నళిన్ మెహతాల 'డ్రీమ్స్ ఆఫ్ ఎ బిలియన్' పుస్తకంలో బయటపెట్టుకున్నాడు. ఎంతో ఇష్టమైనదేదో చేతిలోంచి లాక్కుపోయినట్టయిందట. వెళ్లొద్దని మొదట బతిమాలాడట. సింధు బాగా పైకొస్తున్న ఆ రెండేళ్లలో తను వేరేవాళ్లనీ చూసుకోవాల్సివచ్చిన మాట నిజమేనని, సైనాని అశ్రద్ధ చెయ్యాలన్నది తన ఉద్దేశం కాదని, ఆ సంగతి ఆమెకి సరిగా చెప్పుకోలేకపోయానేమోనని ఒప్పుకున్నాడు. ప్రకాశ్ సార్ ఎందుకో తన గురించి ఎన్నడూ ఒక మంచి మాట అనలేదని కూడా బాధపడ్డాడు. సైనా వెళ్లడంలో తమ చెయ్యేమీ లేదని ఆ అకాడమీ వెంటనే ప్రకటన ఇచ్చింది.

ఆ ఒప్పుకోలులో ఒక్క ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగాను: చెప్పుకోలేకపోయానేమో. నాలుగున్నరకి లేచి, పదిమందికి షటిళ్లు అందించి, ఒకడిని ఆసుపత్రికి పంపి, ఇంకొకరి ఓటమికి కారణం వెతికే మనిషికి మాట్లాడే తీరిక ఎక్కడ? గురువు గెలిచేకొద్దీ శిష్యులు పెరుగుతారు. శిష్యులు పెరిగేకొద్దీ మొదటి శిష్యురాలి వాటా తరుగుతుంది. ఆయన్ని గొప్ప కోచ్‌ని చేసిన పిల్లకే ఆయన తక్కువ దొరికాడు.

మళ్లీ అరుగు మీదికొద్దాం. ఆ ఆదివారం మేనల్లుడు పట్టు వదల్లేదు.

"ఆ పిల్ల బెంగళూరు పోయి మూణ్ణెల్లు కాలా, చైనా ఓపెన్ కొట్టింది. అంటే లోపం ఎక్కడుంది మావయ్యా? ఎనిమిదేళ్లయింది ఆయన్ని కూర్చోబెట్టి. కొత్తోణ్ణి తేవాల్సిందే."

"పోయినోళ్లు గెలిస్తే గురువు తప్పు, ఉన్నోళ్లు గెలిస్తే వాళ్ల గొప్పా? ఇదేం లెక్కరా? ఆ పిల్ల చేతిలో ఉన్న ఆట ఎవరు పెట్టింది?"

"మరి గోపీచంద్ కూడా గురువుల్ని మారిస్తేనే గదా బర్మింగ్‌హామ్‌లో కప్పు ఎత్తింది? ఆరిఫ్‌ని వదిలి ప్రకాశ్ దగ్గరికి పోలా? అప్పుడు మీరెవరూ ఏడవలా."

మాష్టారికి ఆ దెబ్బ తగిలింది. రాకెట్టు మళ్లీ ఒళ్లోకి తీసుకున్నారు. చాలాసేపు ముక్కలు లాగడమే. ఎందుకు తగిలిందో నాకు తెలుసు. షటిల్‌కి ముందు మాష్టారిది బాల్ బ్యాడ్మింటన్. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, పసుప్పచ్చ ఊలు బంతి. సంక్రాంతి పోటీలకి పల్లెపల్లెకీ తిరిగిన జట్టు. ఆ జట్టులో అందరికంటే బాగా ఆడే కుర్రాడు ఒక ఏడాది చెప్పాపెట్టకుండా వేరే ఊరి జట్టులో చేరిపోయాడు. తర్వాత అతని పెళ్లికి పిలుపొస్తే మాష్టారు వెళ్లలేదు. ఆయన గోపీచంద్ తరఫునే మాట్లాడుతున్నారని మేనల్లుడు అనుకుంటున్నాడు. కొంత తన తరఫున కూడా.

కాసేపటికి ఆయనే అందుకున్నారు. "హాకీ సంగతి చూడరాదూ? ఆసియా క్రీడల్లో పదహారేళ్ల తర్వాత బంగారం తెచ్చాడు ఆ వాల్ష్. నెల తిరక్కుండా రాజీనామా అన్నాడు. అట్టాంటి జట్టు కావాల్నా నీకు?"

మాష్టారికి మనసులో హాకీయే అసలు ఆట. మన వైపు స్కూళ్లలో కర్రల్లేవు, మైదానాల్లేవు. అయినా రేడియోలో మాస్కో ఒలింపిక్స్ విన్న తరం అది. ఆయన చెప్పింది నిజమే. ఇంచియాన్‌లో 2014 అక్టోబరు 2న పాకిస్తాన్ మీద గెలిపించిన ఆస్ట్రేలియా కోచ్ టెర్రీ వాల్ష్ ఆ నవంబరులోనే వెళ్లిపోయాడు. ఆయన ఒక్కడే కాదు. 2009 తర్వాత పురుషుల జట్టు కోచ్ కుర్చీలో కూర్చుని లేచినవాళ్లని చెప్పమంటే మాష్టారు వేళ్లు మడిచేవారు: బ్రాసా, నాబ్స్, వాల్ష్, వాన్ ఆస్, ఓల్ట్‌మన్స్, మరీనె, హరేంద్ర సింగ్, రీడ్. మధ్యలో ఒక వేడుక కూడా జరిగింది. 2017లో అమ్మాయిల కోచ్‌ని అబ్బాయిలకి, హరేంద్రని అమ్మాయిలకి వేశారు. 2018 మేలో మళ్లీ అటూఇటూ చేశారు. మా చిన్నప్పుడు నాటకాల్లో వేషాలు తారుమారైతే తెనాలి జనం ఈలలేసేవాళ్లు. ఇక్కడ ఈల వేసేవాళ్లు కూడా లేరు.

గ్రాహం రీడ్ కథ ఇంకా చేదు. టోక్యోలో 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చాడు, కాంస్యం. ఏడాదిన్నర గడిచింది. 2023 జనవరిలో మన దేశంలోనే ప్రపంచకప్. భువనేశ్వర్‌లో న్యూజీలాండ్ చేతిలో షూటౌట్‌లో ఓడి, క్వార్టర్స్ కూడా చేరలేకపోయారు. ఆ నెల 30న రీడ్ రాజీనామా.

ఇదంతా చూశాక కూడా మేనల్లుడు వాదన మార్చుకోలేదు, మార్చుకోనక్కర్లేదు కూడా. ఎందుకంటే లెక్క రెండువైపులా తెగుతుంది. రీడ్ తర్వాత వచ్చిన క్రెయిగ్ ఫుల్టన్ చేతుల మీదుగా 2024 పారిస్‌లో హాకీ జట్టు మళ్లీ కాంస్యం పట్టుకొచ్చింది. కోచ్ మారని బ్యాడ్మింటన్ ఆ ఒలింపిక్స్ నుంచి ఉత్త చేతులతో వచ్చింది. కుర్చీలో ఎన్నాళ్లున్నాడన్నది చూసి కోచ్‌ని తూచలేం. ఇది నాకు పదేళ్లు పట్టింది తెలుసుకోవడానికి.

2016 ఆగస్టు 19 రాత్రి మాత్రం రేపల్లెలో వాదన లేదు. రియోలో ఫైనల్. సింధు, కరోలినా మారిన్. మాష్టారింటి ముందు వీధి మొత్తం కూర్చుంది. టీవీని కిటికీలోకి తిప్పారు. మొదటి గేము 21-19 సింధుది. వీధిలో ఎవరో టపాకాయలు కూడా తెచ్చారు. తర్వాత 12-21, 15-21. కాల్చకుండానే ఇంటికి పట్టుకుపోయారనుకుంటా. వెండి. ఆటయ్యాక గోపీచంద్ ఒక చిన్న సంగతి చెప్పాడు: మూడు నెలలుగా సింధు దగ్గర ఫోను లేదు, ఇప్పుడు మొట్టమొదట చెయ్యాల్సింది ఆమె ఫోను ఆమెకివ్వడం. చివరి పన్నెండు పదమూడు రోజులు ఐస్‌క్రీమ్, తీపి పెరుగు కూడా ఆపించాడు, ఇక తినొచ్చన్నాడు. మా వీధి ఆడవాళ్లకి వెండి కంటే ఆ పెరుగు మాట ఎక్కువ నచ్చింది.

అదే రియోలో సైనా చెడిపోయిన మోకాలితో ఆడి, ఉక్రెయిన్ అమ్మాయి ఉలిటినా చేతిలో గ్రూపులోనే ఓడింది. వెంటనే ఆపరేషన్. అంతకుముందు బెంగళూరులో ఆమెకి దక్కినవేవీ తక్కువవి కావు. 2015లో ప్రపంచ నంబర్ వన్, అదే ఏడాది జకార్తాలో ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం. విమల్ కుమార్ చేసింది చిన్న పని అనడానికి ఎవరికీ నోరు రాదు. అయినా 2017 సెప్టెంబరులో సైనా మళ్లీ గచ్చిబౌలి గేటు తట్టింది. గేటు తెరుచుకుంది.

మాష్టారు ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టారు. "తీశాడు చూడు. నేనైతే తియ్యను" అన్నారు. అంతే. తర్వాత నెలలో ఆయన ఆ పాత శిష్యుడి ఊరు వెళ్లొచ్చారని మేనల్లుడు చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

2018 ఏప్రిల్ 15న గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ ఫైనల్‌కి సైనా, సింధు ఎదురెదురు నిలబడ్డారు. సైనా 21-18, 23-21తో గెలిచింది. నాలుగేళ్ల కింద ఒకే గురువు చూపు చాలక విడిపోయిన కోర్టు అది. అదే ఏప్రిల్‌లో శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

శ్రీకాంత్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట: ఈ గెలుపులన్నీ గోపీచంద్ ఒక్కడివే కావు. 2017లో అతను నాలుగు సూపర్ సిరీస్‌లు గెలిచాడు: ఇండొనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్. ఆ ఏడాది కోచ్‌ల బృందంలో ఇండొనేసియా మనిషి ముల్యో హండోయో ఉన్నాడు. డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్‌లని జతకట్టించింది మలేసియా కోచ్ తాన్ కిమ్ హెర్. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో సింధు ఒకుహారాని 21-7, 21-7తో ఊదేసి ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆమె ఆట దిద్దినవాళ్లలో కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ ఉంది. 2022 మేలో బ్యాంకాక్‌లో థామస్ కప్ గెలిచిన జట్టుతో వెళ్లింది ఎవరనుకున్నారు? విమల్ కుమారే. ఇండొనేసియా మీద ఆఖరి పాయింటు కొట్టింది మన శ్రీకాంత్.

జ్వాల మాట ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది. డబుల్స్‌కి వేరే చూపు పెట్టాక డబుల్స్ ఎంత ఎదిగిందో చూశాం. 2023లో సాత్విక్, చిరాగ్ ఆసియా క్రీడల బంగారం గెలిచి ప్రపంచ నంబర్ వన్ జంట అయ్యారు. అరిచింది ఆమె, దక్కింది తర్వాతివాళ్లకి.

నా మట్టుకు నేను తేల్చుకున్నది చెబుతాను. గోపీచంద్‌ని తీసెయ్యాలన్న మేనల్లుడి మాట తప్పు. ఆయనకి ఆయనే సాటి, కదిలించొద్దన్న మాష్టారి మాటా తప్పే. 2006లో మన సింగిల్స్ ఎక్కడుందో, పదేళ్లకి ఎక్కడికొచ్చిందో చూసినవాడెవడూ ఆయన్ని పొమ్మనడు. కానీ జాతీయ శిబిరం కోచ్ సొంత అకాడమీలో ఉండకూడదు. కోచ్ కుర్చీ, అకాడమీ తాళాలు, ఎంపికలో మాట, ఈ మూడూ ఒకే జేబులో ఉండకూడదు. ఆయన దొంగ అని కాదు. దొర అయినా సరే. ఈ ముక్క 2014లో అరుగు మీద అని ఉంటే ఇద్దరూ కలిసి నన్ను తెనాలి బండి ఎక్కించేవాళ్లు.

ఒకటి చెప్పడం మిగిలింది.

2021 ఆగస్టు 1. టోక్యో. కరోనా రోజులు, స్టేడియంలో జనం లేరు. సింధు అప్పటికి గోపీచంద్ అకాడమీ వదిలి, గచ్చిబౌలి స్టేడియంలో పార్క్ తే సాంగ్ దగ్గర సాధన చేస్తోంది. చైనా అమ్మాయి హె బింగ్‌జియావోతో కాంస్యం పోరు. మాష్టారికి అప్పటికి చూపు తగ్గింది. టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మేనల్లుడు బాపట్ల నుంచి ఫోన్లో.

"మావయ్యా, వెనక కుర్చీలో గోపీచంద్ లేడేంది?"

"రాలా."

"తీసేశారా?"

"తియ్యలేదురా. కరోనా అని వెంటపోయే మనుషుల్ని కుదించారంట. సాయి ప్రణీత్‌కి నేర్పే ఇండొనేసియా ఆయన ఉన్నాడు గదా, శాంతోసో. ఆయన పోవాలంటే ఒకరు మానుకోవాలంట. ఈయన మానుకున్నాడు."

అవతల కాసేపు మాట లేదు.

21-13, 21-15. సింధు చేతులెత్తింది. వెనక కుర్చీలోంచి లేచి వచ్చింది పార్క్ తే సాంగ్. భారత బ్యాడ్మింటన్ జట్టు చీఫ్ కోచ్ ఆ రోజుకీ పుల్లెల గోపీచందే.